వేళ్ల మట్టి తీసే ముందు

అమ్మలూ,

జన్యుసవరణ చేసిన కమల వరి వేళ్ల చుట్టూ సూక్ష్మజీవులు ఎలా మారతాయో చూడబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నువ్వు పంపిన ప్లాన్ చదివాను. బాగానే ఉంది కానీ, ‘నాటిన 60వ రోజున అన్ని కుండీల నుంచీ శాంపిల్స్’ అన్న దగ్గర ఆగిపోయాను. అది సరిచేసుకోకపోతే నీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

మనం ఊళ్లో బీపీటీ అనే సాంబ మసూరిలో సీకేఎక్స్2 జన్యువును హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్లు సవరించి కమలను తెచ్చారు. 2025 మేలో కేంద్రం ప్రకటించింది. ఆ జన్యువు చేయించే ఎంజైమ్ సైటోకైనిన్ హార్మోన్‌ను విరగ్గొడుతుంది. దాని జోరు తగ్గితే హార్మోన్ నిలిచి కంకికి గింజలు పెరుగుతాయి. పైగా పంట దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) చెబుతోంది. చిక్కంతా ఇక్కడే. నువ్వు మట్టి తీసే రోజుకు కమల పొట్టలోకి దిగి ఉంటే, బీపీటీ ఇంకా పిలకల దశ దాటి ఉండకపోవచ్చు. పైరు వయసును బట్టి వేళ్లు వదిలే చక్కెరలు, ఆమ్లాలు మారతాయి, వాటిని తిని బతికే బ్యాక్టీరియా కూడా మారుతుంది. అప్పుడు నీకు కనిపించే తేడా సవరణదా, వయసుదా? ఎవరూ చెప్పలేరు.

అందుకని రోజులు లెక్కపెట్టకుండా దశ చూసి తియ్యి. పిలకలు, చిరుపొట్ట, పూత: ఏ రకం ఆ దశకు వస్తే ఆ రకానిదే. దశ కలిస్తే మట్టిలో గడిపిన రోజులు కలవవు కాబట్టి, ఒకే రోజున తీసిన సెట్ కూడా ఒకటి ఉంచుకో. ప్రతిసారీ మొక్క లేని కుండీ నుంచీ తియ్యి. ఎండా నీళ్లూ యూరియా ఎంత మార్చాయో దాన్నిబట్టే తెలుస్తుంది. కుండీల సంఖ్య బాగా పెరుగుతుంది, మీ గైడ్ గొణుగుతారు. గొణగనీ.

పోలికకు మామూలు బీపీటీ ఒక్కటే చాలదు. కమల లాగే టిష్యూ కల్చర్ గుండా వచ్చి సవరణ మాత్రం లేని తోబుట్టువు మొక్కల విత్తనం దొరుకుతుందేమో అడుగు.

ఈ జన్యువు పని ఎక్కువగా కంకి దగ్గరే. వేళ్ల దగ్గర పెద్ద తేడా రాకపోతే టెన్షన్ పడకు, అదీ ఫలితమే. అదే స్ట్రైగోలాక్టోన్ అనే హార్మోన్ తయారీకి కావలసిన సీసీడీ7 లాంటి జన్యువును తాకితే కథ వేరు. వేరు వదిలే ఆ సంకేతం అందాకే, వేళ్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రం కొమ్మలు చాస్తుంది. ‘జన్యుసవరణ పంటలు నేలకు మంచివా, చెడ్డవా’ అని గంపగుత్తగా అడిగేవాళ్లతో నాకు ఓపిక లేనిది ఇందుకే. ఏ జన్యువు అని ముందు అడగాలి కదా.

బెంగళూరులో మీ వ్యవసాయ విశ్వవిద్యాలయం, జీకేవీకే, పక్కన దొరికే ఎర్రమట్టితోనే సరిపెట్టకు. ఆ మట్టిలో తేలింది కృష్ణా డెల్టా నల్లరేగడికి వర్తిస్తుందని రాస్తే నేనే ఒప్పుకోను. ఒకటి రెండు బస్తాలు ఊరి నుంచి తెప్పించుకో. నీళ్లు నిలబెట్టే కుండీలూ ఆరుతడి కుండీలూ వేరువేరుగా పెట్టు. నీటి కింద మైకోరైజా బాగా తగ్గిపోతుంది. వరి వేరు ఆక్సిజన్ వదలడంతో ఇనుము తుప్పు పట్టి ఎర్రటి పూత కడుతుంది. అక్కణ్ణుంచి కొన్ని మిల్లీమీటర్లు దాటితే గాలి సోకని బురద, మీథేన్ చేసే జీవులు. బురదలో వేరు దులిపితే మట్టి రాలదు, శుభ్రమైన సెలైన్‌లో కడిగి తియ్యాలి. తీసిన వెంటనే ఐసులో పెట్టు.

డీఎన్‌ఏ లెక్కలో చచ్చిన కణాలూ కలుస్తాయి. పైగా శాతాలే వస్తాయి, మొత్తం ఎంతో తెలియదు. కాబట్టి మట్టిలో భాస్వరాన్ని విడిపించే ఫాస్ఫటేజ్ ఎంజైమ్ చురుకుదనం, నత్రజని కూడా కొలిచి చూడు. ఒకే కుండీ నుంచి అయిదు ట్యూబులు తీసి అయిదు పునరావృత్తులని రాయకు.

మైనస్ 80 ఫ్రీజర్‌లో చోటు ఇప్పుడే అడిగి పెట్టుకో. దానికి జనరేటర్ లైను ఉందో లేదో కూడా చూసుకో, వానాకాలం హెబ్బాళ వైపు కరెంటు సంగతి నీకు తెలిసిందే. మార్చిన ప్లాన్ నాకు పంపు.

మీ పెదనాన్న