సమాచార పుస్తకాన్ని ఎలా చూడాలో రెండో తరగతి పిల్లలకు నేర్పడం ఎలా?

నమస్తే టీచర్ గారూ. జంతువుల గురించిన పుస్తకం ఇచ్చినా మీ రెండో తరగతి పిల్లలు కథలాగే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతున్నారని, విషయసూచిక, బొమ్మ కింద వాక్యం, పదసూచిక (ఏ పదం ఏయే పేజీల్లో ఉందో పుస్తకం చివర చెప్పే పట్టిక) లాంటివి ఎలా పరిచయం చేయాలని అడిగారు. నేనూ ప్రాథమిక తరగతులకే చెబుతాను. ఆ పేర్లు బోర్డు మీద రాసి వల్లె వేయిస్తే మర్నాటికి గుర్తుండవు. ఆ భాగం చూడకుండా జవాబు దొరకని ప్రశ్న ఒకటి ముందు పిల్లలకు ఇవ్వండి. పేరు తర్వాత మెల్లగా చెప్పొచ్చు.

విషయసూచికకు కొత్త పుస్తకం కూడా అక్కర్లేదు. పాఠ్యపుస్తకం మొదట్లో పాఠాల పేర్లు, పేజీ నంబర్లు ఉండనే ఉంటాయి, పిల్లలు ఆ పేజీ దాటేసి వెళ్ళిపోతారు, అంతే. "ఫలానా పాఠం ఏ పేజీలో ఉందో ఎవరు ముందు చెప్తారు?" అని కొన్నాళ్ళు ఆటలా ఆడిస్తే అదే అలవాటవుతుంది.

టైమ్ ఎక్కువ ఇవ్వాల్సింది బొమ్మ కింద వాక్యానికి. మా బడిలో కరివేపాకు చెట్టు మీద గొంగళిపురుగులు ఉంటే ఫొటో తీసి, పెద్దగా ప్రింట్ వేయించి, కింద ఏమీ రాయకుండా చూపించాను. "పిట్ట రెట్ట!" అని అరిచారు. చిన్న వయసులో ఆ పురుగు అచ్చం అలాగే ఉంటుంది, ముదురు గోధుమ రంగు మీద తెల్ల మచ్చలతో. అప్పుడు ఫొటో కింద ఒక కాగితం ముక్క అతికించాను: "ఇది సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు తినకుండా ఇలా రెట్టలా కనిపిస్తుంది." ఒక పాప ముందుకొచ్చి వాక్యం చదివి, ఫొటో చూసి, మళ్ళీ వాక్యం చదివి, "అవును టీచర్, దీనికి కాళ్ళున్నాయి" అంది. చూపు అలా బొమ్మకీ వాక్యానికీ మధ్య తిరగడమే మనం నేర్పాల్సింది. అదే ఫొటో దగ్గర ఇంకో మాట కూడా చెప్పండి. పేజీ అంత కనిపిస్తున్న పురుగు నిజానికి వేలి గోరంత కూడా ఉండదు. ఈ సంగతి చెప్పకపోతే పిల్లలు బొమ్మలో ఉన్నంత సైజే అనుకుంటారు.

గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అని గుండ్రంగా బాణాలతో వేసిన బొమ్మలుంటే, వేలు పెట్టి బాణం వెంట నడిపించమనండి. ఆ వరస కూడా చదవాల్సిందేనని చాలామందికి తట్టదు.

పదసూచిక ఉన్న పిల్లల పుస్తకాలు తెలుగులో అరుదు కాబట్టి పిల్లలతోనే తయారు చేయించడం మేలు. మా తరగతి "మన బడిలో ప్రాణులు" అని ఒక పుస్తకం చేసింది. ఒక్కొక్కరు ఒక్కో పేజీ రాసి బొమ్మ వేశారు. చివరి పేజీలో పేర్లు అక్షరాల వరుసలో: ఉడుత, కాకి, గొంగళిపురుగు, చీమ. తూనీగ ముందా, తొండ ముందా అని గొడవ వచ్చింది. ఇద్దరు పిల్లలు గోడ మీద గుణింతం చార్టు దగ్గరికెళ్ళి త, తా, తి అని చదువుకుంటూ వచ్చి తూనీగే ముందని తేల్చారు. ఇంకో మంచి సంగతి కూడా బయటపడింది. తొండ చీమల్ని తింటుందని ఒక బాబు తన పేజీలో రాశాడు. అంటే చీమ పక్కన రెండు పేజీ నంబర్లు రాయాలి. ముందున్న విషయసూచికలో చీమ ఒక్కచోటే ఉంది. రెండింటికీ తేడా ఏమిటో నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

కథా, సమాచారమా అని తేల్చడానికి "ఇందులో జంతువు మాట్లాడుతోందా?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. జంతువే తన గురించి చెప్పుకునే సమాచార పుస్తకాలూ ఉన్నాయి. "మధ్యలో తెరిచి చదివినా అర్థమవుతుందా?" అని అడగండి. పదాల అర్థాల పట్టికను మాత్రం మూడో తరగతికి వదిలేయండి, ఇప్పుడు బరువవుతుంది.

పుస్తకాల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. తెలుగులో ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. వాటిలో చాలావరకు చిన్నవి, విషయసూచిక ఉండదు. పేజీ నంబర్లు చూసుకుంటూ అది కూడా మీ పిల్లలతోనే రాయించండి.