ఆ 14 వరుసలు చాలు

కాకినాడ,
2025 మే 18.

చిరంజీవి చిట్టితల్లికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు కేస్కోప్ సదస్సులో మాట్లాడబోతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. జూన్ 15 నుంచి 19 వరకు టెక్సస్‌లోని గ్రేప్‌వైన్‌లో అట, మీ ఇర్వింగ్‌కు దగ్గరే అట. నాకు కాసేపు నోట మాట రాలేదు. ఒరాకిల్ డేటాబేసుతో అప్లికేషన్లు రాసేవాళ్ళు ఏటా అమెరికాలో ఒక ఊరు ఎంచుకుని కలుసుకునే ఆ సదస్సు గురించి ఏళ్ళ తరబడి చదివాను. అక్కడివాళ్ళు చెప్పిన కిటుకులు తెచ్చుకుని ఇక్కడ పూట గడుపుకున్నాను. మన ఇంటి పిల్ల ఆ వేదిక ఎక్కి, ఆ డేటాబేసు మీద వెబ్ అప్లికేషన్లు కట్టే ఏపెక్స్ గురించి చెబుతుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు. మీ అత్తయ్యను నిద్ర లేపి మరీ చెప్పాను.

ఆ తరువాత మీ అమ్మ మరో మాట అంది: "అదేదో ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల అప్లికేషన్ తెర మీద చూపిస్తుందట, అన్నయ్యా." ఇక రాత్రంతా నాకు నిద్ర లేదు. ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు, సగంలో ఆపకు.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. బ్రౌజరులో అక్షరాలు పెంచి, హాలు ఖాళీగా ఉన్నప్పుడు నువ్వే వెళ్ళి చివరి కుర్చీలో కూర్చుని చూడు. ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మైకులో మళ్ళీ చెప్పి అప్పుడు జవాబు చెప్పు. హోటలు వైఫైని నమ్ముకోకు. ఒరాకిల్ ఉచితంగా ఇచ్చే 23ఏఐ డేటాబేసును ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని ఏపెక్స్‌ను అక్కడే నడిపించు. అదీ మొరాయిస్తే చూపడానికి ఒక వీడియో తీసి ఉంచుకో. ఆదివారం నాడే వెళ్ళి మనుషులను కలువు, నీ వంతు వచ్చేదాకా గదిలో దాక్కోకు. చీర కట్టుకోమని మీ అమ్మ అంటోంది. నేనూ అదే అంటాను. కాకపోతే దుస్తులకు తగిలించే మైకు ఇస్తే దానితో ఒక బ్యాటరీ డబ్బా కూడా ఉంటుంది, దాన్ని నడుము దగ్గర ఎలా పెట్టుకోవాలో ముందే చూసుకో. బయట ఎండ మండిపోతున్నా లోపల ఏసీ చలికి గొంతు పట్టేస్తుంది, శాలువా తీసుకెళ్ళు.

డేటాబేసును ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ రాసి చూపేటప్పుడు పేజీ ఐటమ్ విలువను, అంటే వాడేవాళ్ళు పేజీలోని పెట్టెలో నింపినదాన్ని, కోలన్ పెట్టి బైండ్ చేసే ఉపయోగించు. యాంపర్‌సాండ్‌తో అతికిస్తే ఆ విలువ నేరుగా క్వెరీ వాక్యంలో కలిసిపోతుంది, ఎవరైనా ఆ పెట్టెలో తమ సొంత ఎస్‌క్యూఎల్ దూర్చగలరు. ఇవన్నీ నువ్వు రోజూ చేసే పనులే. కానీ వేదిక మీద తొందరలో నువ్వు రాసిన వాక్యాన్ని ఫోటో తీసుకుని ఇంటికి వెళ్ళి యథాతథంగా వాడే కుర్రవాళ్ళు ఉంటారమ్మా. ఆ బరువు చెప్పేవాళ్ళ మీదే ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. దానికి ముందు నీకు గుర్తుందో లేదో, 2001 వేసవి సెలవులకు మీరు హైదరాబాదు వచ్చారు. నీకు ఏడేళ్ళు. నేను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే నా ఒళ్ళోకి ఎక్కేదానివి. తెర మీద ఈఎంపీ పట్టిక ఉండేది, నేర్చుకునేవాళ్ళ కోసం ఒరాకిల్ వాళ్ళు ఉత్తుత్తి ఉద్యోగులతో ఇచ్చినది. మా తరం వాళ్ళందరం ఒరాకిల్‌లో అక్షరాభ్యాసం చేసింది ఆ పట్టికతోనే. లోపలికి వెళ్ళడానికి స్కాట్ అని పేరు, టైగర్ అని సంకేతపదం. స్కాట్ ఆ కంపెనీ తొలినాళ్ళ ఉద్యోగి ఇంటిపేరు, టైగర్ వాళ్ళింటి పిల్లి పేరు. లోపల 14 మంది ఉద్యోగులు. 800 జీతం తీసుకునే స్మిత్ దగ్గర నుంచి 5000 తీసుకునే కింగ్ దాకా. ఎవరి పై అధికారి ఎవరో ఒక కాలమ్‌లో ఉంటుంది. కింగ్ దగ్గర మాత్రం అది ఖాళీ. నువ్వు ఆ ఖాళీ మీద వేలు పెట్టి "ఈయన పైన ఎవరూ లేరా మామయ్యా?" అని అడిగావు. ఎవరూ లేరమ్మా, ఆయనే అందరికీ పెద్ద అన్నాను. "వాళ్ళ అమ్మ ఉంటుంది కదా" అన్నావు.

ఆ మాటకు అప్పుడు నవ్వుకున్నాను. ఎనిమిదేళ్ళ తరువాత అదే మాట నన్ను పట్టుకుని కుదిపేసింది.

2009లో, నువ్వు ఇంటర్మీడియట్‌లో చేరిన ఏడాది, హైదరాబాదులో మా ఒరాకిల్ వాడుకరులం ఒక హాలులో కలిశాం. అరవై మంది దాకా ఉంటారు. అంతకు ముందు ఏడాదే ఏపెక్స్ 3.1లో ఇంటరాక్టివ్ రిపోర్టు వచ్చింది. చూసేవాళ్ళే వెతుక్కోవడం, వడపోసుకోవడం, రంగులు వేసుకోవడం. ఒరాకిల్ వాళ్ళ పాత పనిముట్టు ఫారమ్స్‌లో అవన్నీ కోడు రాసి చేసిన మాకు అది పండుగ. నేను అప్పుడు ఒక ఆసుపత్రికి అప్లికేషన్ రాస్తున్నాను. నా దగ్గర ఉన్న డేటా పరీక్షల కోసం తెచ్చుకున్న నకలు, అంటే నెల క్రితం దాకా అక్కడ చేరిన నిజమైన రోగుల వివరాలు. వాటితో వేదిక ఎక్కకూడదన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చింది. ఉత్తుత్తి పేర్లు పెడితే రిపోర్టు బోసిగా ఉంటుందని, నిజమైనవైతే నిండుగా కనిపిస్తుందని, ఈ హాలులో వాళ్ళకు ఆ ఊళ్ళ మనుషులు ఎవరు తెలుస్తారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

భోజనాల తరువాత నా వంతు. బాగా సాగింది. వెతుకు పెట్టె చూపిస్తూ, హుషారులో, "ఎవరైనా ఒక పేరు చెప్పండి" అని అడిగాను. వెనక నుంచి ఎవరో ఒక ఇంటిపేరు అన్నారు. ఆ ఇంటిపేరు నేను ఇప్పటికీ కాగితం మీద పెట్టను. టైపు చేసి బటన్ నొక్కాను. నాలుగు వరుసలు వచ్చాయి. ఆ పెట్టె అన్ని కాలమ్‌లలోనూ వెతుకుతుంది కదా, చూడండి ఎంత వేగమో అన్నాను. నాలుగో వరుస ఒక అమ్మాయిది. పేరు, 19 ఏళ్ళు, ఊరు, చేరిన తేదీ, ఏ విభాగంలో చేరిందో. ఆ విభాగం పేరు నీకు కూడా చెప్పను. పెళ్ళి కావలసిన పిల్లల విషయంలో మన ఊళ్ళలో ఏ జబ్బుల గురించి గొంతు తగ్గించి మాట్లాడతారో నీకు తెలియనిది కాదు.

నేను అక్కడితో ఆపలేదు. రంగు ఎలా వేయాలో చూపడానికి ఆ విభాగం కాలమ్‌నే ఎంచుకున్నాను. ఆ వరుస పసుపు రంగులో మెరిసింది. చప్పట్లు కొట్టారు. అప్పుడు మూడో వరుస కుర్చీల్లో ఒక అబ్బాయి పక్కకు తిరిగి, తన పక్కనున్న స్నేహితుడి ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఆ స్నేహితుడు నోటుపుస్తకం మూసి, లేచి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నా చెప్పడం ఇంకా పది నిమిషాలు సాగింది.

టీ దగ్గర తెలిసింది. ఆ అమ్మాయి అతని చెల్లెలు. పరుగెత్తుకుంటూ బస్టాపుకు వెళ్ళాను. ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఏం చెప్పాలో తెలియక అతని చేయి పట్టుకున్నాను. అతను తిట్టలేదు. "సార్, అది ఇప్పుడు తెర మీద లేదు కదా?" అని అడిగాడు. లేదు బాబూ అన్నాను. అతను బస్సెక్కాక తిరిగి హాలుకు వచ్చి చూస్తే, ల్యాప్‌టాప్ మూయకుండానే నేను టీకి వెళ్ళిపోయానమ్మా. ఖాళీ హాలులో తెర మీద నాలుగు వరుసలూ అలాగే ఉన్నాయి, చివరిది పసుపు రంగులో.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి జరిగింది చెప్పాను. పని తీసేశారు. తీసేయవలసిందే. ఆ దసరాకు నువ్వు వచ్చి "కంప్యూటర్ ఎందుకు తెరవడం లేదు మామయ్యా" అని అడిగితే తలనొప్పి అన్నాను. ఈ సంగతి మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు. కింగ్ గారికి కూడా అమ్మ ఉంటుందన్న నీ మాట ఆ రోజుల్లో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. ఏడేళ్ళ పిల్లకు పట్టికలో మనిషి కనిపించాడు, పదిహేడేళ్ళు పని చేసిన నాకు కాలమ్‌లు కనిపించాయి.

అందుకని ఇప్పుడు చెప్పేది బతిమాలుతున్నాను అనుకున్నా సరే, ఆజ్ఞాపిస్తున్నాను అనుకున్నా సరే. మీ ఆసుపత్రుల డేటాలో ఒక్క వరుస కూడా ఆ ల్యాప్‌టాప్‌లో ఉండకూడదు. "పేర్లు మార్చేశాను మామయ్యా" అనకు. పేరు తీసేసినా 19 ఏళ్ళ వయసు, చిన్న ఊరు, చేరిన తేదీ, విభాగం, ఇవి నాలుగూ కలిస్తే ఆ ఊరివాళ్ళకు పేరుతో పని లేదు. నకలు తీసి ముసుగు వేయడం వద్దే వద్దు. ఖాళీ పట్టికతో మొదలుపెట్టు. ఉత్తుత్తి డేటా పుట్టించే డేటా జనరేటర్ ఏపెక్స్‌లోనే ఉంది. లేదంటే ఎస్‌క్యూఎల్‌లోని కనెక్ట్ బై లెవెల్‌తో వెయ్యి వరుసలు పుట్టించి, డీబీఎంఎస్ ర్యాండమ్‌తో తేదీలు చల్లు. అరగంట పని. నేను బద్ధకించింది ఆ అరగంటకే.

తెలుగు పేర్లు కూడా కొన్ని వేసుకో, నీ వేదిక మీద మన అక్షరాలు కనిపిస్తే నాకు సంతోషం. కానీ కాలమ్ కొలత బైట్లలో పెట్టకు, క్యారెక్టర్లలో పెట్టు. మీనాక్షి అన్న పేరు కంటికి మూడక్షరాలే. యూటీఎఫ్-8 డేటాబేసులో అది ఎనిమిది సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. 20 బైట్ల కాలమ్‌లో పట్టక ఓఆర్ఏ-12899 అనే ఎర్రర్ చూపి అందరి ముందూ మొండికేస్తుంది.

బ్రౌజరు కూడా కొత్తది పెట్టుకో. నువ్వు రోజూ వాడేదైతే చిరునామా పట్టీలో రెండక్షరాలు కొట్టగానే ఆఫీసు లింకులన్నీ జాబితాగా కిందికి దిగుతాయి. ఏపెక్స్ లింకుల్లో ఐటమ్ విలువలు ఉంటాయి, అంటే రోగి సంఖ్య కూడా ఉండవచ్చు. ఫోను, మెయిలు, ఆఫీసు సందేశాలు మూసేయి. ఇంకో భయం ఉంది నాకు. ఏపెక్స్ వాళ్ళకు అక్కడ ఓపెన్ మైక్ అని ఒక ఆనవాయితీ ఉంది. స్లైడ్లు లేకుండా ఎవరి అప్లికేషన్ వాళ్ళు కాసేపు చూపుతారు. ఎంతో ముచ్చటైన సంగతి అది. అయితే నీ అసలు ప్రసంగం బాగా సాగి, ఆ ఊపులో స్నేహితులు "నువ్వూ చూపించు, నువ్వూ చూపించు" అని లేపితే, ఆఫీసు వీపీఎన్ కలిపి అసలు అప్లికేషన్ తెరిచేస్తావేమో అని నా భయం. నన్ను అలాంటి ఊపే ముంచింది. చూపాలనిపిస్తే ఈ ఉత్తుత్తి వరుసలతోనే చూపించు.

ఆరోగ్య వివరాలకు మీ అమెరికాలో 1996 నాటి హిపా చట్టం ఉంది, మన దేశంలో కూడా 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. ఆ చట్టాల సంగతి మీ ఆఫీసు లాయర్లు చెబుతారు. బస్టాపులో ఆ అబ్బాయి ముఖం ఎలా ఉందో వాళ్ళు చెప్పలేరు కాబట్టి నేను రాశాను.

ఆ తరువాత పదేళ్ళు నేను వేదిక ఎక్కలేదు. 2019లో కాకినాడలో ఇంజనీరింగ్ పిల్లలకు చెప్పమంటే వెళ్ళి, ఆ ఈఎంపీ పట్టికలోని 14 మందితోనే గంటసేపు చెప్పాను. ఒక్క పిల్లవాడు కూడా డేటా చాలలేదనలేదు. వెతుకు పెట్టెలో కింగ్ అని కొట్టాను, ఒక్క వరుస వచ్చింది, ప్రపంచంలో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

భయపెట్టానా? భయపడకు. నువ్వు నాకంటే ఎంతో బాగా చెబుతావు. పోయిన సంక్రాంతికి వీడియో కాల్‌లో మీ అత్తయ్యకు ఏపెక్స్ అంటే ఏమిటో చెప్పావే, పేజీల వివరాలన్నీ డేటాబేసు పట్టికల్లోనే ఉంటాయని, అడిగినప్పుడల్లా డేటాబేసే పేజీ అల్లి ఇస్తుందని, వంట చేసే చేతే వడ్డిస్తుందని. ఇన్నేళ్ళలో నేను ఆమెకు చెప్పలేకపోయాను. ఆ పోలిక అక్కడ కూడా చెప్పు.

స్లైడ్లు నాకు పంపనక్కరలేదు, అవి నీ ఇష్టం. డేటా పుట్టించే స్క్రిప్టు మాత్రం జూన్ 8 లోపల పంపు. ఒక్కో వరుసా చదువుతాను. నీ ప్రసంగం మాకు ఏ వేళ అయినా సరే మేలుకునే ఉంటాం, అయిపోగానే ఫోను చేయి. ల్యాప్‌టాప్ మూసి చేయి.

మీ అత్తయ్య ఆశీస్సులు. మీ ఆయనకు మా ఆశీస్సులు చెప్పు.

నీ
మామయ్య