అలర్జీతో వచ్చేవారికి మందులిచ్చే పద్ధతి గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

పుప్పొడి కాలం మొదలుకాగానే ఎర్రబడిన కళ్లతో, ఆగని తుమ్ములతో మీ మందుల దుకాణానికి వచ్చేవారు పెరిగారని, అందరికీ ఒకే మాత్ర ఇచ్చి పంపుతున్నానేమోనన్న అనుమానం కలుగుతోందని రాశావు. ఆ అనుమానం మంచిదే. హే ఫీవర్‌తో, అంటే పుప్పొడి వల్ల వచ్చే ముక్కు అలర్జీతో, బాధపడేవారిలో చాలామంది వైద్యుని దగ్గరికి వెళ్లకుండా నేరుగా మన దగ్గరికే వస్తారు. కాబట్టి నీవు అడగని ప్రశ్నను వారిని ఇంకెవరూ అడగకపోవచ్చు.

ముందుగా ఇది జలుబా, అలర్జీయా తేల్చుకో. ముక్కు, కళ్లు, అంగిలి దురదపెడుతూ, ముక్కు నీళ్లలా కారుతూ, తుమ్ములు వరుసగా వస్తూ వారాల తరబడి సాగితే అలర్జీ అనుకోవచ్చు. గొంతునొప్పి, ఒళ్లునొప్పులతో మొదలై వారం పది రోజుల్లో సర్దుకునేది జలుబు. ఏటా ఒకే కాలంలో, ఆరుబయట తిరిగినప్పుడు బాధ ఎక్కువైతే పుప్పొడిని, ఏడాది పొడవునా నిద్ర లేవగానే ఎక్కువైతే పరుపులో ఉండే డస్ట్ మైట్లను, అంటే దుమ్ములోని కంటికి కనిపించని పురుగులను, అనుమానించు. ఈ జబ్బుకు పుప్పొడి కారణమని చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడు తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1873లో వెల్లడించాడు. మనకు అంత సాహసం అక్కరలేదు, రెండు ప్రశ్నలు ఓపికగా అడిగితే చాలు.

ముక్కు ఒకవైపే మూసుకుపోతున్నా, కంట్లో నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోతున్నా వైద్యుని దగ్గరికి పంపు. పిల్లికూతలు, ఆయాసం, ఛాతీ బిగుతు ఉన్నాయా అని ప్రతి ఒక్కరినీ అడుగు, ఎందుకంటే ముక్కు అలర్జీ, ఆస్తమా కలిసి ఉండటం చాలా సామాన్యం. పెదవులు, నాలుక వాచి ఊపిరి అందకపోతే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ. దానికి వెంటనే కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్, అంబులెన్సు. యాంటీహిస్టమిన్ (మామూలు అలర్జీ మందు) మాత్ర ఇచ్చి చూద్దామనుకోవడం ప్రమాదకరం.

దురద, తుమ్ములు, ముక్కు కారడం ప్రధానమైనవారికి సెటిరిజిన్, లోరటాడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి రెండో తరం (మగత తక్కువగా కలిగించే కొత్త రకం) యాంటీహిస్టమిన్లు సరిపోతాయి. వీటిలో సెటిరిజిన్ కొందరికి మగత కలిగిస్తుంది గనుక వాహనం నడిపేవారిని హెచ్చరించాలి. ఫెక్సోఫెనడిన్‌ను నీళ్లతోనే వేసుకోమని చెప్పు. పండ్లరసంతో వేసుకుంటే మందు ఒంటికి పట్టడం తగ్గిపోతుంది. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులను వృద్ధులకు ఇవ్వకపోవడమే మేలు, ఎందుకంటే అవి అయోమయానికి, మలబద్ధకానికి దారితీయవచ్చు, ప్రోస్టేట్ పెరిగినవారికి మూత్రం బిగిసిపోయేలా చేయవచ్చు. ఇవే మందులు జలుబు మాత్రల్లోనూ కలిసి ఉంటాయి; అందుకే ఇంట్లో ఇప్పటికే ఏం వాడుతున్నారో అడగకుండా కొత్తది చేతిలో పెట్టకు.

అయితే ముక్కు దిబ్బడతో నిద్ర చెడుతున్నవారికి మాత్రలతో పెద్దగా ఉపశమనం ఉండదు. వారికి ఫ్లూటికసోన్, మోమెటసోన్, బ్యుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు మేలు. మన పని అసలు మొదలయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే స్ప్రే పనిచేయలేదని వచ్చేవారిలో చాలామందికి దాన్ని ఎలా కొట్టుకోవాలో ఎవరూ చూపించి ఉండరు. ఒక ఖాళీ సీసా దగ్గర పెట్టుకుని చేసి చూపించు. ముక్కు చీదుకుని, సీసాను ఊపి, తల కొద్దిగా ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి కొట్టుకోవాలి. అలా చేస్తే మొన మధ్య గోడ వైపు కాక బయటి వైపుకు తిరుగుతుంది, ముక్కు నుంచి రక్తం కారడం కూడా తగ్గుతుంది. గట్టిగా పీల్చకూడదు, గొంతులో మందు రుచి తగిలిందంటే అది చేరవలసిన చోట నిలవలేదని అర్థం. రోజూ వాడాలని, పూర్తి ఫలితానికి రెండు వారాల దాకా పట్టవచ్చని ముందే చెప్పకపోతే మూడో రోజుకే మానేస్తారు. ఏటా ఒకే కాలంలో బాధపడేవారిని ఆ కాలానికి రెండు వారాల ముందే మొదలుపెట్టమను. స్టెరాయిడ్ అన్న మాటకు బెదిరేవారికి, సరైన మోతాదులో వాడితే దాని ప్రభావం చాలావరకు ముక్కుకే పరిమితమని నెమ్మదిగా వివరించు.

ముక్కు దిబ్బడకు వేసుకునే ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ చుక్కల సంగతి వేరు. కొట్టుకున్న నిమిషాల్లోనే ముక్కు తెరుచుకుంటుంది గనుక జనానికి ఇష్టం; మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మాత్రం దిబ్బడ తిరగబడి, ఆ చుక్కలు లేకుండా ఊపిరాడని స్థితి వస్తుంది. ఒకే మనిషి పదేపదే అవే కొంటున్నట్లు కనిపిస్తే పక్కకు పిలిచి మాట్లాడు. దిబ్బడకే ఇచ్చే సూడోఎఫెడ్రిన్ మాత్రలు రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారికి తగవు. నోటి ద్వారా వేసుకునే ఫినైలెఫ్రిన్ అయితే దిబ్బడకు పనిచేయదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023లో తేల్చింది, కాబట్టి దాన్ని నేను సిఫారసు చేయను.

కళ్ల దురదకు కీటోటిఫెన్, ఓలోపటడిన్ చుక్కలున్నాయి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు వాటిని తీసి చుక్కలు వేసుకోవాలి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం చవకైన, మంచి ఉపాయం, కానీ కాచి చల్లార్చిన నీళ్లో, డిస్టిల్డ్ వాటరో మాత్రమే వాడాలి. బయటి నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవడం పుప్పొడి అలర్జీ ఉన్నవారికి ఎంతో మేలు చేస్తుంది. గర్భిణుల విషయంలోనూ, చిన్నపిల్లల విషయంలోనూ వైద్యుని సలహా లేకుండా సొంత నిర్ణయం తీసుకోకు.

రెండు మూడు వారాల తర్వాత ఒకసారి రమ్మని చెప్పి, వచ్చినప్పుడు నీ ముందే స్ప్రే కొట్టుకోమని అడుగు. పద్ధతి సరిగ్గా ఉండి, రోజూ వాడుతున్నా తగ్గకపోతే అలర్జీ నిపుణుని దగ్గరికి పంపు. అక్కడ చర్మ పరీక్ష చేయదలిస్తే కొన్ని రోజుల ముందే యాంటీహిస్టమిన్ ఆపవలసి ఉంటుంది గనుక, ఏ రోజు నుంచి ఆపాలో ముందుగా ఫోన్ చేసి కనుక్కోమని వారికి గుర్తుచేయి.