ఏడాదిన్నర పాప తెల్లవారుజామున 4:30కే లేచి కూర్చుంటోంది, ఏం చేయాలి?

రాత్రి లేటుగా పడుకోబెడితే పొద్దున లేటుగా లేస్తుందని మాత్రం అనుకోకండి, చాలాసార్లు బాగా అలిసిపోయిన పిల్లలకే పెందలాడే మెలకువ వచ్చేస్తుంది. రెండు మూడు రోజులకోసారి ఇంకో పావుగంట చొప్పున ముందుగా పడుకోబెడుతూ చూడండి. తెల్లవారుజామున నిద్ర ఎలాగూ పల్చగా ఉంటుంది కాబట్టి కిటికీ సందులోంచి కాస్త వెలుతురు పడినా, వంటింట్లో గిన్నె చప్పుడైనా చాలు, లేచిపోతారు. మందపాటి కర్టెన్ వేయండి. లేవగానే లైటు వేసి, పాలు పట్టి, ఫోన్లో పాటలు పెడితే ఒంటికి అదే టైము అలవాటైపోతుంది, అది నిజంగా మానాలి. ఆరింటిదాకా చీకట్లోనే మెల్లగా జోకొట్టండి. ఈ వయసులో పగటి నిద్రతో కలిపి 11-14 గంటలు కావాలి, మధ్యాహ్నం నిద్ర మూడున్నరకల్లా అయిపోతే మంచిది. ఒకట్రెండు వారాలు ఓపిక పట్టండి. గురక, చెవినొప్పి ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి.