ఇల్లు అమ్మి తెరచాప పడవ కొనాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, నా భార్యకు 44. పిల్లలు లేరు, అప్పులూ లేవు. మా ఆస్తి మొత్తం 100 పాళ్లు అనుకుంటే సొంతిల్లు 55, పెట్టుబడులు 45. ఇల్లు అమ్మేసి 30 పాళ్లతో 40 అడుగుల పాత తెరచాప పడవ కొని, అయిదేళ్లు దాన్లోనే కాపురం ఉంటూ సముద్రాలు తిరగాలని ఉంది. ఇప్పుడు మా ఖర్చు ఏడాదికి 3 పాళ్లు. గాలి ఉచితమే కాబట్టి పడవలో ఇంకా తగ్గుతుందనుకుంటున్నాం. ఈ లెక్క సరైనదేనా?

సమాధానం: వెళ్లొచ్చు, కానీ ఈ లెక్కతో వద్దు. మీరు పడవ కొనడానికి, తిరగడానికి డబ్బు చూసుకున్నారు. 51 ఏళ్ల వయసులో ఒడ్డుకు చేరాక ఎక్కడ ఉంటారో, దేంతో బతుకుతారో చూసుకోలేదు.

ముందు పడవ ఖర్చు. పాత పడవకు ఇచ్చే ధర మొదటి వాయిదా మాత్రమే. సముద్ర ప్రయాణానికి సిద్ధం చేయడానికి కొన్న ధరలో కనీసం 25 శాతం విడిగా పెట్టుకోవాలి. మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగలను 10 నుంచి 15 ఏళ్లకోసారి మార్చాలి. తీగ మెరుస్తూనే ఉంటుంది. తుప్పు మాత్రం దాని కొస బిగించిన గొట్టం లోపల, కంటికి కనబడని చోట పడుతుంది. అక్కడ తెగితే మాస్టే కూలుతుంది. అందుకే తీగల వయసుకు రసీదు అడగండి. రసీదు లేకపోతే మార్చాల్సిందేనని ధర తగ్గించి మాట్లాడండి.

ఆ తర్వాత ఏటా నిర్వహణకు పడవ ధరలో 10 శాతం అవుతుందని అనుభవజ్ఞులు వేసే అంచనా. చవగ్గా దొరికిన పడవకు ఇది చాలదు, ఎందుకంటే విడిభాగాల ధర మీరు పడవను ఎంతకు కొన్నారో చూడదు. నాచు, గుల్లలు పట్టకుండా ఏడాదికో రెండేళ్లకో పడవను నీళ్లలోంచి పైకి లేపించి అడుగున ప్రత్యేకమైన రంగు వేయించాలి. ప్రొపెల్లరును కాపాడటానికి తాము కరిగిపోయే జింకు ముక్కలను సగం అరిగేసరికి మార్చాలి. తెరచాపలను గాలికంటే ఎండే ఎక్కువగా తినేస్తుంది.

గాలి ఉచితమే, ఆగడం కాదు. మెరీనాలో, అంటే పడవలు కట్టేసుకునే రేవులో, పడవ పొడవును బట్టి అడుగుల లెక్కన రుసుము కట్టాలి, లంగరు వేసుకుని ఆగితే చాలాచోట్ల ఏమీ ఉండదు. కాబట్టి నమ్మకమైన లంగరు, కనీసం 60 మీటర్ల గొలుసు, దాన్ని లాగే యంత్రం మీద పెట్టిన డబ్బు త్వరగా తిరిగొస్తుంది. నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి 5 రెట్ల గొలుసు వదలాలి, గాలి పెరిగితే 7 రెట్లు. గొలుసు పొట్టిగా ఉంటే భయపడి రాత్రికి రాత్రి మెరీనాకు వెళ్తారు, నెల బడ్జెట్ అక్కడే పోతుంది.

ఇప్పుడు మీ అంకెలు. పెట్టుబడుల రాబడి ధరల పెరుగుదలకు సరిపోయిందనుకుందాం. పడవకు 30, సిద్ధం చేయడానికి 7.5 పోగా 62.5 మిగులుతుంది. ఇంటి ఖర్చు 3, నిర్వహణ 3 కలిపి ఏడాదికి 6 చొప్పున అయిదేళ్లకు 30. మిగిలేది 32.5. పడవ సగం ధరకు అమ్ముడై, 10 శాతం బ్రోకరుకు ఇస్తే 13.5 వస్తుంది. మొత్తం 46. మీ ఇల్లే 55 పాళ్లది! ఇల్లు కొనలేరు, పదవీ విరమణకు దాచినది కూడా ఉండదు.

ఇల్లు ఉంచుకుని ఇదే లెక్క వేసి చూడండి. 12 పాళ్లలో 32 అడుగుల పడవ, సిద్ధం చేయడానికి 3 అయితే పెట్టుబడుల్లో 30 మిగులుతుంది. ఏడాదికి ఇంటి ఖర్చు 3, నిర్వహణ 1.2. పన్ను, మరమ్మతులు పోను ఇంటద్దె 1.2 వచ్చినా చాలు, నికర ఖర్చు 3 దగ్గర ఆగుతుంది. అయిదేళ్ల తర్వాత 15 మిగులుతుంది, పడవ అమ్మితే 5.4 వస్తుంది. అంటే 20.4 చేతిలో, పైన ఇల్లు. ఇద్దరే నడపాలంటే చిన్న పడవే చేతిలో ఉంటుంది. దాని చాపలు, గొలుసు, రంగు అన్నీ తక్కువలో వస్తాయి.

బయానా ఇచ్చే ముందే బీమా సంస్థతో మాట్లాడండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాత పడవకు సర్వే నివేదిక, అంటే నిపుణుడు పడవ పరిస్థితిని పరీక్షించి ఇచ్చే నివేదిక, అడుగుతారు, మీకు ఎన్ని మైళ్లు నడిపిన అనుభవం ఉందో అడుగుతారు. చాలా పాలసీలు జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అట్లాంటిక్ తుపాను ప్రాంతంలో ఉంటే తుపాను నష్టానికి పరిహారం ఇవ్వవు. కొనుగోలు ఒప్పందంలో ‘సర్వే తృప్తికరంగా ఉంటేనే, బీమా దొరికితేనే’ అన్న షరతు రాయించండి. సర్వేయరు మీరు పెట్టుకున్నవాడై ఉండాలి, అమ్మేవాళ్లు చూపించినవాడు కాదు. పడవను నీళ్లలోంచి పైకి తీయించి చూడాలి, డెక్ (పడవ పైతలం) లోపలి చెక్కలో తేమ కొలవాలి, ఇంజను ఆయిల్ నమూనా పరీక్షకు పంపాలి.

దేశాల నిబంధనలకూ ఖర్చుంటుంది. ఐరోపా సమాఖ్య బయట నివసించేవారి పడవ అక్కడ పన్ను లేకుండా 18 నెలలు ఉండొచ్చు. షెంగెన్ దేశాల్లో (ఉమ్మడి వీసా నిబంధనలున్న ఐరోపా దేశాల్లో) మీకు మాత్రం ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. పడవను అక్కడ ఉంచి మీరు బయటికొచ్చే రోజుల నిలుపు రుసుము, విమాన ఖర్చు కలుపుకోండి. మీ ఆరోగ్య బీమా విదేశాల్లో చెల్లుతుందా, పన్నుల కోసం మీరు ఏ దేశ నివాసులవుతారు అన్నవి బయల్దేరకముందే తేల్చుకోవాలి.

వరస ఇలా పెట్టుకోండి. మొదట ఇద్దరూ తెరచాప శిక్షణ తీసుకోండి. ఒక్కరికే వస్తే రెండోవాళ్లు ప్రయాణికులే. తర్వాత అద్దె పడవలో రెండు వారాలు, వాన పడే కాలంలో ఉండండి. అప్పుడే పడవ వెతకండి. కొన్నాక కూడా ఇంటిని ఒక ఏడాది ఒప్పందం మీదే అద్దెకివ్వండి.

బయల్దేరే రోజునే ఒక గీత కూడా రాసుకోండి: పెట్టుబడులు 18 పాళ్లకు తగ్గితే పడవ అమ్మకానికి పెట్టాలి. 15కి చేరేదాకా ఆగొద్దు, పడవ అమ్ముడవడానికి ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాదంతా మెరీనా రుసుము, బీమా, అడుగు రంగు ఖర్చు మీ మీదే ఉంటాయి.