పైసలు తిన్నదని వాట్సాప్‌లో పెట్టారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మూడేళ్లుగా గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని. ఎంపీటీసీకి నిలబడతానన్న మాట బయటికి పోగానే, నేను సంఘం పైసలు నాలుగు లక్షలు తిన్నానని, బ్యాంకు సారుతో సంబంధం ఉందని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఠాణాకు పోతే కోర్టుకు పొమ్మన్నారు. కోపం ఆగక మా ఆయన అదే గ్రూపులో, పోస్టు పెట్టినాయన ఇసుక దందా చేస్తడని రాశాడు. ఇప్పుడు వాళ్లే మా మీద కేసు వేస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ ఆయన మెసేజ్ సంగతి చూద్దాం. ఇసుక దందాకు ఆయన దగ్గర రుజువు ఉందా? 'ఊరంతా అనుకుంటున్నారు' అంటే కోర్టులో నిలవదు. రుజువు లేకపోతే మీరు వేయాలనుకుంటున్న కేసే వాళ్లూ మీ ఆయన మీద వేయగలరు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని అదే గ్రూపులో రాయించండి. నామోషీ అనిపిస్తుంది కానీ రేపు మీ కేసు బలపడేది దానితోనే.

ఠాణాలో మీకు చెప్పింది సగమే నిజం. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. 2024 జులై 1కి ముందు ఇవే ఐపీసీ 499, 500. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దీన్ని దర్యాప్తు చేయలేరు, మీరే కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం ఫిర్యాదును విచారణకు తీసుకునే ముందే అవతలివాళ్ల మాట కూడా వింటారు, అంటే మరికొన్ని వాయిదాలు.

ఇక మిగతా సగం. సంబంధం అంటగట్టిన మెసేజ్ వేరే లెక్క. అందులోని మాటలు ఆడమనిషి గౌరవాన్ని కించపరిచేలా ఉంటే అదే న్యాయ సంహిత 79వ సెక్షన్ వర్తించవచ్చు. శిక్ష మూడేళ్ల వరకు ఉంటుంది, దీన్ని పోలీసులు నేరుగా నమోదు చేయవచ్చు. మెసేజ్‌ను ఉన్నదున్నట్టు రాసి ఫిర్యాదు ఇవ్వండి. తీసుకోకపోతే వరంగల్ పోలీస్ కమిషనర్‌కు రిజిస్టర్ పోస్టులో పంపండి. ఎవరైనా '66ఏ పెట్టిద్దాం' అంటే నమ్మకండి, ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

పైసల ఆరోపణను మాత్రం కేసుతో మొదలుపెట్టొద్దంటాను. అది పదిమంది ఆడవాళ్ల పొదుపు సొమ్ము, లెక్క అడిగే హక్కు ఊరికి ఉంది. 'పైసలు ఏమయ్యాయి' అని అడిగితే నేరం కాదు, 'తిన్నది' అని తేల్చేస్తేనే నేరం. చెప్పింది నిజమై, అది జనం మేలు కోసమైతే చట్టం కూడా మినహాయింపు ఇస్తుంది. అందుకే సమాఖ్య మీటింగు పెట్టి, పాస్‌బుక్, తీర్మానాల పుస్తకం, ఆడిట్ రిపోర్టు అందరి ముందూ చదివించి సంతకాలు తీసుకోండి. కోర్టులో మీ మొదటి కాగితం కూడా అదే అవుతుంది.

ఒక మాట చెప్పాలి. మగాయన పోటీకి దిగితే పైసల మాటతో సరిపెడతారు, ఆడమనిషి దిగితే సంబంధం కూడా కలుపుతారు. నిరూపించాలని ఎవరూ రాయరు. నిజమా కాదా తేలేలోపు నామినేషన్ల గడువు దాటిపోతే వాళ్ల పని అయిపోయినట్టే. ఎన్నికల్లో అభ్యర్థి నడవడి మీద తెలిసీ అబద్ధం ప్రచారం చేస్తే శిక్షించే 175వ సెక్షన్ న్యాయ సంహితలో ఉంది కానీ, అది మీకు నామినేషన్ వేశాకే పనికొస్తుంది, శిక్ష కూడా జరిమానా ఒక్కటే. ఇంత చిన్న శిక్షకు ఎవరు భయపడతారు?

నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే పోస్టు పెట్టిన రోజు నుంచి ఏడాదే గడువు, అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. ఫార్వర్డ్ చేసినవాళ్లూ బాధ్యులే. గ్రూపు అడ్మిన్‌ను మాత్రం ఊరికే ఇరికించకండి, ఇతరుల పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి, కేరళ హైకోర్టులు అన్నాయి.

మెసేజ్ ఉన్న ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లతో పాటు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి, ఫార్మాటు మీ వకీలు దగ్గర ఉంటుంది. ఆ మెసేజ్ చదివిన ఇద్దరు సాక్షులను ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఎన్నికలు దగ్గరపడితే ఊళ్లో ఎవరూ ముందుకు రారు. వాళ్లు మీ మీద ఫిర్యాదు వేసినా, వేసినంత మాత్రాన మీ పోటీకి అడ్డం రాదు.