అల్లుడికి, బ్రేకర్ ప్యానెళ్లు కొనేముందు

ఒరేయ్ అల్లుడూ,

రాయగడ ఫ్యాక్టరీలో 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కి కొటేషన్లు వచ్చాయని, బ్రేకర్లు (ఫాల్ట్ వస్తే కరెంటు తెంచే స్విచ్‌లు) వ్యాక్యూమ్‌వి తీసుకోవాలా, ఎస్ఎఫ్6 గ్యాస్‌వి తీసుకోవాలా అని అడిగావు కదా. 11 కేవీకైతే వ్యాక్యూమే తీసుకో. గాలి తీసేసిన బాటిల్‌లో కాంటాక్టులు సుమారు సెంటీమీటరు విడిపోతే చాలు, వాటి మధ్య వచ్చే మెరుపు, అంటే ఆర్క్, ఆరిపోతుంది. గ్యాస్ ప్రెషర్ చూసుకునే పని లేదు. పైగా ఎస్ఎఫ్6 లీకైతే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 20 వేల రెట్ల పైమాటే. కాకపోతే వ్యాక్యూమ్ పోయిందో ఉందో చెప్పే గేజ్ ఉండదు, కాంటాక్టులు తెరిచి హై ఓల్టేజ్ పెట్టి చూడాల్సిందే. పెద్ద మోటార్లకి కరెంటు తీసుకెళ్లే ఫీడర్లకి సర్జ్ సప్రెసర్ (ఓల్టేజ్ ఒక్కసారిగా ఎగిరితే అణిచేది) కూడా అడుగు.

అసలు తేడా అంతా ప్యానెల్ డిజైన్‌లో ఉంటుంది. బస్‌బార్ (అన్ని ఫీడర్లకీ కరెంటు పంచే లోహపు పట్టీ), బ్రేకర్, కేబుల్ మూడూ వేరువేరు అరల్లో, మధ్యలో రేకు గోడలతో ఉండాలి. దాన్నే ఎల్ఎస్‌సీ2బీ అంటారు, కేబుల్ దగ్గర పని జరుగుతున్నా బస్‌బార్ లైవ్‌లో ఉంచుకోవచ్చు. బ్రేకర్ ఉండే ట్రాలీని తలుపు మూసే రాక్ చేయగలగాలి, అంటే లోపలికీ బయటికీ జరపగలగాలి. లోపల ఆర్క్ వస్తే ముందు నిలబడ్డ మనిషి బతకాలి కాబట్టి ఇంటర్నల్ ఆర్క్ టైప్ టెస్ట్ రిపోర్టు చూపించనివాడి కొటేషన్ ఎంత తక్కువైనా పక్కన పెట్టేయ్.

ఫిక్స్‌డ్ బ్రేకర్ చవక, నిజమే. కానీ మీకు సర్వీసు మనిషి విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి, డ్రా-అవుట్ (ట్రాలీతో బయటికి లాగే రకం) అయితే స్పేర్ ట్రాలీ తోసేసి ఫీడర్ ఎక్కించేస్తావు. ఫాల్ట్ లెవెల్‌కి (షార్ట్ అయినప్పుడు ప్యానెల్ తట్టుకోవాల్సిన కరెంట్‌కి) మాత్రం ఎక్కువ డబ్బు తగలెయ్యొద్దు. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ (కరెంట్‌ని అడ్డుకునే గుణం) 7 శాతం అనుకుంటే 11 కేవీ వైపు ఫాల్ట్ కరెంట్ 3.75 కిలో ఆంపియర్ల దగ్గరే ఉంటుంది, రెండు ప్యారలల్‌లో నడిపినా దానికి రెట్టింపు. 25 కిలో ఆంపియర్ల ప్యానెల్ ఉండగా 40 దేనికి?

నాకు ఎక్కువ భయం చెమ్మ గురించి. మీ కొండల్లో వానాకాలం రాత్రి ప్యానెల్ లోపల నీళ్లు పడతాయి, దుమ్ముతో కలిసి ఎపాక్సీ ఇన్సులేషన్ మీద సన్నగా డిశ్చార్జి మొదలవుతుంది, చెవి పెట్టి వింటే బుసలా వినిపిస్తుంది, రాగి మీద ఆకుపచ్చ పొడి కడుతుంది, ఇవన్నీ కనిపిస్తూనే ఉన్నా ఎవరూ పట్టించుకోరు. కాబట్టి ప్రతి అరలోనూ హీటర్, దానికో ఆంమీటర్ పెట్టమను, స్పేర్ ప్యానెల్‌ది కూడా ఆఫ్ చేయనివ్వకు. కేబుల్ ట్రెంచ్ రంధ్రాలు మూయించు, లేకపోతే పాములొస్తాయి. గోపాల్‌పూర్ లాంటి ఉప్పుగాలి చోటైతే సీల్డ్ జీఐఎస్ (గ్యాస్ నింపి మూసేసిన ప్యానెల్) తీసుకోమనేవాడినే, మీకు అంత ఖర్చు అక్కర్లేదు. పొట్టంగి వైపు వెయ్యి మీటర్లు దాటిన చోట పెట్టేదైతే ఆ ఎత్తు కంపెనీకి ముందే చెప్పాలి, అక్కడ గాలి పలచబడి ఇన్సులేషన్ బలం తగ్గుతుంది.

డీసీ బ్యాటరీ పెద్దది పెట్టించు. అది డౌన్ అయితే ఎంత గొప్ప బ్రేకరైనా ట్రిప్ అవదు.

ఇంకోటి, ఫీడర్ పేర్లు ముందు తలుపు మీదే కాదు, వెనక కవర్ మీద కూడా ఒడియాలో, తెలుగులో రాయించు. వెనక నుంచి తప్పు ప్యానెల్ విప్పితే ప్రాణమే పోతుంది. డ్రాయింగ్ వచ్చాక సంతకం పెట్టకముందే నాకు పంపు, కేబుల్ బాక్స్ కొలతలు చూసి చెప్తాను.

మీ మావయ్య